నూకాలమ్మ ఫొటోకి వేసిన దండ

రైల్వే వర్క్‌షాపు సైరన్ కూయకముందే నూకాలమ్మ తంబురా శ్రుతి చేసుకునేది. కొళాయి దగ్గర బిందెలు వరసకు రాకముందే గుమ్మం కడిగి, ముగ్గు పెట్టి, తడిచేతులు చెంగుకు తుడుచుకుని వరండాలో చాప మీద కూర్చునేది. "సైరన్ కూసిందంటే ఆ కూత సెవిలోంచి మజ్జానం దాకా పోదు. ఇంక సుతి ఏటి నిలస్తాది?" అనేది. తీగ బిగించి, మీటి, చెవి ఒగ్గి విని, కాస్త వదులు చేసి, మళ్ళీ మీటేది. కుదిరిందనిపించాక కళ్ళు మూసుకుని కాసేపు మీటుతూ ఉండిపోయేది. పాడేది మాత్రం కాదు. దేవుడు తనకు చెవి ఇచ్చి గొంతు ఇవ్వడం మరిచిపోయాడని ఆమే నవ్వుతూ చెప్పేది. ఆ తర్వాత తంబురా గోడకు ఆనించి, రెండు గుమ్మాల అవతల లక్ష్మీకాంతం తలుపు తట్టి, "లేసినావా వదినా? సుతి కలిపేసినాను" అని పిలిచేది.

లక్ష్మీకాంతం పోయాక కూడా ఆమె తంబురా శ్రుతి చెయ్యడం మానలేదు. తలుపు తట్టడం ఒక్కటే మానింది. ఆ తలుపు వెనక ఇప్పుడు బిహారు నుంచి వచ్చిన గార్డు కుటుంబం ఉంది. ఆ ఇల్లాలు మంచి మనసున్నది. తంబురా మోగుతున్నంతసేపూ అంట్లు తోమడం ఆపేది.

నూకాలమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. తండ్రి భుజాన తంబురా వేసుకుని ఊరూరా తత్వాలు పాడుకునే దాసు. కొడుకులు లేరు కనుక పోయేముందు తంబురాను కూతురి చేతికి ఇచ్చాడు. భర్త అప్పలస్వామి వర్క్‌షాపులో ఖలాసీగా కుదిరి ఆమెను ఖరగ్‌పూర్ తీసుకొచ్చిన రోజున రేకుపెట్టెలో నాలుగు బట్టలు, చంకలో ఆ తంబురా, అంతే ఆమె ఆస్తి. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో ఒకే అచ్చున పోసినట్టున్న క్వార్టర్ల వరసలు చూసి, "ఇన్నిట్లో మనిల్లేదో నాకెలగ తెలస్తాదయ్యా?" అని నడివీధిలో ఏడ్చిందట. ఆ ఏడుపు విని బయటికి వచ్చి, ఏమీ అడగకుండా తన పాత చీర అంచు చింపి వాళ్ళ తలుపు గొళ్ళేనికి గుర్తుగా కట్టిన మనిషే లక్ష్మీకాంతం. ఆ ఎర్ర అంచు వెలిసి తెల్లబడేదాకా నూకాలమ్మ దాన్ని విప్పలేదు.

లక్ష్మీకాంతం భర్త ఇంజను మీద ఫైర్‌మన్‌గా పనిచేస్తూ చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. రైల్వేవారు ఆసుపత్రిలో ఆయా పని ఇస్తే, దాంతోపాటు తలమీద ఆ క్వార్టరు కప్పు నిలిచింది. ఆమె గొంతు గొప్పదని ఆ క్వార్టర్లలోని తెలుగువాళ్ళం మేము అంటే, మా మనిషన్న పక్షపాతం అనుకోవచ్చు. కానీ శనివారం సాయంత్రం రామమందిరంలో ఆమె భజన ఎత్తుకుంటే, తాల్‌బగీచా వైపు సైకిళ్ళ మీద పోయే బెంగాలీ బాబులు ఒక కాలు నేలకు ఆన్చి ఆగిపోయేవారు. ఒక్క మాట అర్థం కాకపోయినా, మంగళహారతి అయ్యేదాకా కదిలేవారు కాదు. ప్రసాదం ఇస్తే కళ్ళకద్దుకుని తినేవారు.

ఆమె చేతిలో ఏదీ పట్టుకునేది కాదు. తాళాలు కూడా వద్దనేది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఎవరింటికో పేరంటానికి వచ్చి మొహమాటపడుతున్నట్టు కూర్చునేది. పక్కన నిటారుగా తంబురాతో నూకాలమ్మ. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు పాట మొదలయ్యేదాకా నూకాలమ్మ వైపే చూస్తూ ఉండేవారు, ఆవిడే గాయని అనుకుని. తీరా పాట పక్కనుంచి వచ్చేసరికి వాళ్ళ మొహాలు చూసి ఇద్దరూ ఇంటికెళ్ళేదాకా నవ్వుకునేవారు.

వాళ్ళిద్దరికీ కలిపి ఒకటే ఫొటో. గోల్‌బజార్‌లో స్టూడియో పెట్టుకున్న విల్‌ఫ్రెడ్ తీశాడు. అతని తల్లి చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉండగా, లక్ష్మీకాంతం డ్యూటీ అయిపోయాక కూడా ఉండి ఆవిడ కాళ్ళు పడుతూ కూనిరాగం తీసేదట. ఆ కృతజ్ఞతతో విల్‌ఫ్రెడ్ ఇద్దరినీ పిలిచి కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు. లక్ష్మీకాంతం కెమెరాకు బెదిరి చేతులు కొంగులో దాచేసుకుంది. "నా మొగం ఏటి బాగుంతాది బాబూ, దాని తంబురాని తియ్యి" అంది. ఆ మాటకు ముగ్గురూ నవ్వుతూ ఉండగా పడిన బొమ్మ అది.

చెన్నకేశవరావు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాలకొండ వైపు నుంచి పని కోసం వచ్చిన కుర్రాడు. ఒక వానకాలమంతా అప్పలస్వామి వరండాలోనే పడుకున్నాడు. నూకాలమ్మ పొద్దున్నే అంబలి పోసి, నంజుకోవడానికి ఉల్లిపాయ పెట్టి, ఉన్న ఒక్క చొక్కా ఉతికి, నిప్పులు పోసిన ఇస్త్రీపెట్టె ఎదురింట్లో అడిగి తెచ్చి రుద్ది ఇచ్చేది. అతను ఆమెను అక్క వరసన 'అప్పా' అని పిలిచేవాడు. పక్కనే తంబురా మోగుతుంటే దుప్పటి మొహం మీదకు లాక్కుని, "అప్పా, కూసింత సేపు పడుకోనీవే" అని బతిమాలేవాడు. తర్వాత వర్క్‌షాపులో చేరాడు. యూనియన్‌లో పెద్దవాడయ్యాడు. మునిసిపాలిటీ మెంబరయ్యాడు. తెల్లబట్టలు, జీపు వచ్చాయి. మావాడు ఎదిగాడని మాకందరికీ సంతోషమే. నూకాలమ్మకు మరీను. జీపు మా క్వార్టర్ల ముందునుంచి ఆగకుండా పోయినా, "పన్లు మరి, పెద్ద పన్లు" అని తనే సమర్థించేది.

పంతొమ్మిదివందల అరవైల మధ్యలో ఒక చలికాలం లక్ష్మీకాంతం జ్వరం తగిలి పోయింది. తాను నలుగురి కాళ్ళు పట్టిన ఆసుపత్రిలోనే, నూకాలమ్మ చేతిలో చెయ్యి ఉండగా పోయింది.

మా మందిరంలో ఒక ఆచారం ఉంది. భజన గోష్ఠిలో పాల్గొన్నవారు ఎవరు పోయినా, ఆడైనా మగైనా, తాళం వేసినవాడైనా చాపలు పరిచినవాడైనా, వారి పటం దక్షిణపు గోడకు కట్టి కింద పేరు రాయిస్తాం. రాములవారికి హారతి అయ్యాక ఆ పళ్ళెం గోడ వెంట తిప్పి అందరికీ చూపిస్తాం. రైల్వే వాళ్ళం కదా. రిటైరైతే ఎక్కడివాళ్ళం అక్కడికి చెదిరిపోతాం. ఇక్కడే మట్టైనవాళ్ళకు ఆ గోడే ఊరు. బతికున్నవాళ్ళ బొమ్మ మాత్రం ఆ గోడకు చేరకూడదు. చేరితే ఆయుష్షుకు మంచిది కాదంటారు.

ఆ యేడే ఇంకో కష్టం వచ్చిపడింది. మందిరం రైల్వే స్థలంలో ఉందనీ, ఖాళీ చెయ్యాలనీ నోటీసు అంటించారు. మందిరం పెద్ద భీమశంకరంగారు హెడ్‌క్లర్కు. ఆయన దరఖాస్తులు పెట్టి పెట్టి అలిసిపోయారు. అప్పుడు చెన్నకేశవరావు కబురు పంపాడు: "నేను పైవాళ్ళతో మాట్లాడతాను. లక్ష్మీకాంతమ్మగారి పటం కూడా నేనే ఆవిష్కరిస్తాను. సభ పెట్టండి." అసెంబ్లీకి నిలబడతాడని అప్పటికే అనుకుంటున్నారు. అయినా తప్పేముంది? మావాడు, మా గాయనికి దండ వేస్తానంటున్నాడు. అందరం సంబరపడ్డాం.

అతని అనుచరులు నూకాలమ్మ దగ్గరికి వచ్చి ఫొటో అడిగారు. ఆమె దాన్ని పసుపుగుడ్డలో చుట్టి ఇచ్చి, "పదిలం నాయనా, వదినకి ఇదొక్కటే" అంది. విల్‌ఫ్రెడ్ దగ్గర కాకుండా, గొప్పగా రావాలని కలకత్తా తీసుకెళ్ళి పెద్దది చేయించారు. అక్కడ షాపువాడు ఇద్దరిలో ఎవరని అడిగి ఉంటాడు. పాటగత్తె అంటే తంబురా ఉన్నావిడే కదా అని వీళ్ళు చెప్పి ఉంటారు. కాగితంలో చుట్టిన పటం సభ రోజున జీపులో నేరుగా వచ్చింది. గోడకు కట్టి పట్టుతెర వేశారు. మాలో ఎవరూ ముందుగా విప్పి చూడలేదు.

ఆదివారం సాయంత్రం షామియానా నిండిపోయింది. గోల్‌బజార్ వర్తకులు, బెంగాలీ పెద్దమనుషులు, వర్క్‌షాపు జనం. తెర తీసేటప్పుడు తంబురా మోగాలని నూకాలమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె కొత్త చీర కట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ మీటుతోంది. చెన్నకేశవరావు పెద్ద మల్లెదండ ఎడమచేతికి వేసుకుని కుడిచేత్తో తాడు లాగాడు.

తెర వెనక తంబురా పట్టుకుని నవ్వుతున్న నూకాలమ్మ ఉంది.

కింద ఉన్న నూకాలమ్మ చేతివేళ్ళు తీగల మీద అలాగే ఆగిపోయాయి.

చెన్నకేశవరావు పటం చూశాడు. చూసి, తల తిప్పి కింద ముందు వరసలోకి చూశాడు. నేరుగా ఆమె కళ్ళలోకి చూశాడు. అది ఆమె ఒక్కతే కాదు, ఆ దగ్గర్లో కూర్చున్న మేమంతా చూశాం. దండ అతని చేతుల మధ్య ఒక్క క్షణం ఊగింది. తర్వాత అతను మళ్ళీ అటు తిరిగి ఆ పటానికి దండ వేసేశాడు.

మైకు అందుకున్నాడు. "ఈ తల్లి నాకు కొత్త కాదు. నేను తినడానికి తిండి లేక ఈ ఊరొచ్చిన రోజుల్లో ఈ తల్లి నాకు అంబలి పోసింది. నా చొక్కా తన చేతుల్తో ఉతికి ఇచ్చింది. ఈ తల్లి తంబురా వింటూ నేను నిద్ర లేచేవాణ్ణి. ఈ ముఖాన్ని జన్మలో మరవను. అలాంటి తల్లి లక్ష్మీకాంతమ్మగారు ఇవాళ మనల్ని అనాథల్ని చేసి వెళ్ళిపోయారు!"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. చెప్పిన ముఖం నిజమే, చేసిన మేలూ నిజమే. చచ్చిపోయింది మాత్రం ఆవిడ కాదు. చివరికి అప్పలస్వామి లేచి నిలబడ్డాడు.

"ఒరే కేశవా! నీకు అంబలి పోసిన తల్లి ఇదిగో ఇక్కడ కూకుంది సూడు! నా పెళ్ళాం రా అది! నాను గుండ్రాయిలా బతికుండగా దాన్నెందుకు సంపినావురా?"

షామియానా అంతా ఘొల్లుమంది. వెనకవరసల్లో ఈలలు పడ్డాయి. అనుచరులు అప్పలస్వామి భుజాలు పట్టి కూర్చోబెట్టారు. చెన్నకేశవరావు చిరునవ్వు చెదరకుండా, "పాపం, పెద్దాయన. దుఃఖంలో ఉన్నారు" అని మైకులో అన్నాడు. ఆ వెంటనే మౌనం పాటించమన్నాడు. అందరూ లేచారు. చుట్టూ అందరూ లేచేసరికి నూకాలమ్మ కూడా తంబురా పట్టుకుని లేచి నిలబడింది. తన పటం ముందు తనే తలవంచుకుని నిలబడింది.

మర్నాటి నుంచి ఊరంతా అదే మాట. గోల్‌బజార్‌లో బట్టలకొట్టు కొండలరావు ఆమెను చూసి గల్లాపెట్టె వెనక నక్కినట్టు నటించి, "అమ్మో, పైలోకంలో కూడా నేత చీరలే కడుతున్నారేటి?" అన్నాడు. చేపలమ్మే బెంగాలీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని, "ఎ కీ దీదీ! కాల్చేశాక కూడా చేపలకి నా దగ్గరికే వచ్చావా?" అని నవ్వి, తర్వాత జాలేసి పెద్ద ముక్క వేసింది. కూరగాయల చిట్టెమ్మ మాత్రం నవ్వలేదు. ఉప్పూ మిరపకాయలూ తీసి బజారు మధ్యలోనే నూకాలమ్మకు దిష్టి తీసి, "నా తల్లి నూరేళ్ళు ఉండాలి, దండ ఏసినోడి సెయ్యి..." అని ఆపై మాట మింగేసింది. దేవుడు ఆ మంచి మనసును చల్లగా చూడాలి. కొందరు కొత్తకోడళ్ళు పొద్దున్నే ఆమె ఎదురొస్తే దారి మార్చుకునేవారు. అది చూసి అప్పలస్వామి ఇంట్లో, "రోజూ హారతి పట్టించుకుంటన్నావు. దేవతవైపోనావే. నాకేటి వరమిస్తావు?" అని నవ్వించబోయేవాడు. ఆమె నవ్వేది కాదు.

నవ్వులు, భయాలు కొన్నాళ్ళకు సర్దుకుపోయేవే. ఆమెను గుచ్చింది వేరే. చెన్నకేశవరావు మనుషులు పటం తప్పు కాదని ప్రచారం మొదలెట్టారు. నవ్వినవాళ్ళంతా అవతలి పార్టీవాళ్ళని అన్నారు. లక్ష్మీకాంతం పడుచుతనంలో అచ్చం అలాగే ఉండేదన్నారు. విని విని, ఆమెతో కలిసి భజన చేసినవాళ్ళే కొందరు, "అవునేమో లేవే, అప్పట్లో కూసింత లావుగా ఉండేది" అనడం మొదలెట్టారు. ఆ మాట విన్న రోజు నూకాలమ్మ పొయ్యి వెలిగించలేదు.

"నన్ను సంపితే సంపినారు. దాన్ని మొగం నేకుండా సేసేస్తన్నారయ్యా" అంది భర్తతో. "పిల్లా పీచూ నేరు. ఇప్పుడు తెలిసినోళ్ళందరూ రిటైరై ఎలిపోతారు. ఆపైన అదెలగుండేదో ఎవరు సెప్తారు?"

విల్‌ఫ్రెడ్ సభకు రాలేదు గానీ సంగతి విన్నాడు. ఎవరూ అడక్కుండానే తన దగ్గరున్న నెగటివ్ వెతికి, లక్ష్మీకాంతం ఉన్న సగం పెద్దది చేసి, ఫ్రేము కట్టి సైకిలు మీద పెట్టుకుని వచ్చాడు. "కైసా ఆద్మీ హై మా, ఆ లీడరు! మేరీ మమ్మీ కాళ్ళు పట్టింది ఈ అమ్మ. ఈ ఫేస్ నేను మరుస్తానా?" అన్నాడు. పటంలో లక్ష్మీకాంతం చేతులు కొంగులో దాచుకుని, పక్కకు చూస్తూ నవ్వుతోంది. నూకాలమ్మ ఆ పటాన్ని చూసి అప్పుడు ఏడ్చింది.

ఆ పటం తీసుకునే చెన్నకేశవరావు ఇంటికి వెళ్ళింది. వాకిట్లో జనం. అయినా అతను చూడగానే లేచి వచ్చాడు. లోపలికి పిలిచి తానే కుర్చీ లాగాడు. ఆమె నేల మీదే కూర్చుంది.

"కేశవా, తప్పు జరిగిపోనాది. మనుసులం కదా. అది తీసి ఇది కట్టించు నాయనా."

అతను పటం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "అవునప్పా. ఈవిడే."

"మరి ఆ రోజు?"

"తెర తియ్యగానే తెలిసిపోనాదప్పా. నువ్వని తెలిసిపోనాది." మైకులో మాట్లాడిన భాష కాదు, వరండాలో మాట్లాడిన భాష. "అప్పుడేటి సెయ్యమంటావు? దండ సేతిలో ఉంది. జనమంతా సూస్తన్నారు. ఎత్తిన దండ దించితే నవ్వరేటి?"

"ఏసినాక నవ్వినారు కదరా."

"నవ్వినోళ్ళు మరిసిపోతారు. ఇప్పుడు తీసినాననుకో, తప్పు ఒప్పుకున్నట్టు. ఎలచ్చన్లు దగ్గిరకొచ్చినాయి. ఏడాది ఆగప్పా."

"నా సేతి అంబలి దాని పేరున రాసేసినావు. పోనీ, అదీ నానూ ఒకటే అనుకుంతాను. నా మొగం దానికెందుకురా?"

బయట ఎవరో పిలిచారు. "ఠీక్ హై, వస్తన్నాను" అని అతను అటు కేక వేశాడు. వెళ్ళేముందు వంగి ఆమె పాదాలు తాకాడు. నూకాలమ్మ పాదాలు వెనక్కి తీసుకోలేదు, దీవించనూ లేదు. తర్వాత ఎవరైనా అడిగితే, "ఆడు మరిసిపోయుంటే బాగుండును. మరిసిపోనేదు" అనేది.

అక్కణ్ణించి ఇంటికి పోయి, తంబురా తీసుకుని మందిరానికి వచ్చింది. శనివారం కనుక గోష్ఠి అంతా ఉంది. భీమశంకరంగారి ముందు పటం పెట్టింది. "బాబూ, నాయకుడితో నాకు పనినేదు. ఈ గోడ మనది. మనమే కట్టుకుందాం."

భీమశంకరంగారు సాధువు. ఎవరింట్లో జబ్బైనా సెలవు పెట్టి మరీ వెళ్ళి కూర్చునే మనిషి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నూకాలమ్మా, నాకు తెలీదా? ఆవిడ పాటలోనే కదా నేను నామం చెప్పడం నేర్చుకున్నది. కానీ నోటీసు ఇంకా పోలేదు. అతని మాట మీదే రాములవారు ఇక్కడ నిలిచి ఉన్నారు. ఇప్పుడు పటం మారిస్తే అతని పరువు తీసినట్టు. కోపం వచ్చిందంటే..."

"కిందన పేరు సరీగానే ఉంది కదమ్మా" అన్నారు ఎవరో వెనకనుంచి. "దేవుడికి తెలీదేటి?"

నూకాలమ్మ ఒక్కొక్కరి వైపే చూసింది. లక్ష్మీకాంతం తమ పిల్లల నామకరణాలకు పాడిందనీ, తమ తల్లుల చివరి ఘడియల్లో పక్కన కూర్చుందనీ అందరికీ తెలుసు. తాళాలు వేసేవాడు తాళాల దారం సర్దుకున్నాడు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు.

"దేవుడికి తెలుసు బాబూ" అంది ఆమె. "రేపు పుట్టబోయే పిల్లలకి తెలీదు." పటం మళ్ళీ గుడ్డలో చుట్టుకుంది. అయినా వెళ్ళిపోలేదు. భజన వేళైంది కనుక కూర్చుని తంబురా తీసింది. ఆ రోజు ఎవరు పాడారో, ఏం పాడారో ఎవరికీ గుర్తులేదు.

చెన్నకేశవరావు మాట నిలబెట్టుకున్నాడు. ఆ సంగతి దాచకూడదు. నోటీసు వెనక్కి పోయింది. మందిరానికి కొత్త రేకులు కూడా పడ్డాయి. ఎన్నికలు వచ్చాయి, వెళ్ళాయి. అతను గెలవలేదు. కొన్నాళ్ళకు ఊరు మారి వెళ్ళిపోయాడు. ఏడాది ఆగమన్నాడు, ఏడాదులు చాలా గడిచాయి. పటం మాత్రం మారలేదు. మార్చడానికి అడ్డుపడేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. కానీ మారిస్తే ఎందుకు మార్చారో చెప్పాలి. అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారో చెప్పాలి. అది చెప్పుకోలేకే, అది మాట్లాడే విషయమే కాదన్నట్టు అందరూ ఊరుకున్నారు.

నూకాలమ్మ శనివారాలు మానలేదు. హారతి పళ్ళెం గోడ వెంట తిరిగి తన బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి నిలబడి, చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని, "వదినా, నీదే, తీసుకో" అని లోలోపల అనుకునేదట. ఒకసారి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక ఇల్లాలు పటాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసి, "ఆ గాయనిగారు మీకు అక్కగారా అండీ? ఎంత పోలికో!" అంది. "కాదమ్మా. ఆవిడ పాడేది. నాను సుతి పట్టేదాన్ని" అంది నూకాలమ్మ. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఇంటికి వచ్చి ఆ మాట తలుచుకుని బాధపడింది.

అప్పలస్వామి రిటైరయ్యాడు. క్వార్టరు వదలాల్సి వచ్చింది. బొబ్బిలి వైపు పోదామంటే నూకాలమ్మ ఒప్పుకోలేదు. "అదిక్కడే ఉంది కదా" అంది. తాల్‌బగీచాలో పెంకుటిల్లు చూసుకున్నారు. అక్కడా గుమ్మం కడిగి, ముగ్గు పెట్టి, సైరన్‌కు ముందే తంబురా తీసేది. దూరం కనుక సైరన్ అంతగా వినిపించేది కాదు, అయినా అలవాటు. వరసలో పాతవాళ్ళు ఒకరొకరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. విల్‌ఫ్రెడ్ కొట్టు మూసేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వచ్చి ఆమెకు కేకు ముక్క ఇచ్చి, లక్ష్మీకాంతం పటం ముందు క్రాస్ గుర్తు వేసుకుని వెళ్ళాడు. ఆ పటం నూకాలమ్మ ఇంట్లో, దేవుడి అలమర పక్కన ఉండేది.

తర్వాత ఆమెకు ఆయాసం పట్టుకుంది. తాల్‌బగీచా నుంచి మందిరం దాకా నడవాలంటే మధ్యలో కూర్చోవాల్సి వచ్చేది. ఒక శనివారం అందరికంటే ముందే వచ్చేసింది. భీమశంకరంగారు ఒక్కరే దీపాలకు వత్తులు వేస్తున్నారు. ఆయనా ముసలివారయ్యారు. ఆమె మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకునేదాకా ఆగి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. నూకాలమ్మ ఒళ్ళో గుడ్డ మూట విప్పింది. లక్ష్మీకాంతం చేతులు దాచుకుని పక్కకు చూస్తూ నవ్వుతోంది.

భీమశంకరంగారు చూసి తల దించుకున్నారు. "ఇవాళ మార్చేస్తాను నూకాలమ్మా. ఇప్పుడే. నిచ్చెన తెమ్మంటాను" అన్నారు.

"వొద్దు బాబూ. ఇప్పుడొద్దు. మార్చితే ఊరంతా మల్లీ నవ్వుతారు. ఈపాలి దాన్ని సూసి నవ్వుతారు."

"మరేం చెయ్యమంటావు?"

"ఈ గోడ మీదకి బతికున్నోళ్ళు రాకూడదు కదా. నాను పోయినాక వస్తాను కదా?"

"అవేం మాటలమ్మా శనివారం పూట..."

"మంచి రోజే కదా, అందుకే అడుగుతన్నాను. నాను పోయినాక మన ఆచారం తప్పరు. నూకాలమ్మ ఫొటో ఏదని మా ఆయన్ని అడుగుతారు. ఆయనకేటీ తెలీదు, ఏడస్తా కూకుంతాడు. అప్పుడు మీరు ఈ పటం తీసి కట్టండి. పేరు నాది రాయండి. మొగం దానిది ఉంచండి. ఆ తంబురా బొమ్మ పక్కనే, ఆనించి కట్టండి. హారతి అటు తిరిగితే ఇద్దరికీ అందుతాది. ఏ మొగం ఎవరిదో ఆ రామయ్యకి తెలుసు, మాకు తెలుసు. మీరు ఒకపాలి తప్పు పేరుకి ఒప్పుకున్నారు కదా బాబూ, రెండోపాలికి కష్టం కాదు. ఈ ఒక్క ఉపకారం సేస్తారా?"